ఏ పచ్చ?

మామిడికుదురు,
3-6-1981

బుల్లెమ్మా సుందరీ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ మామ్మ తప్ప. ఆవిడ ఎలాగూ బాగుండదు, అది జబ్బు కాదు, అలవాటు.

విశాఖపట్నంలో గాజుపనిలో చేరేనని రాసేవు కదా. మీ మామ్మ దీనమ్మగారు దాన్ని గాజుల పని అనుకుంది. గుడికెళ్లి, మా మనవరాలు గాజులు చేస్తోందని ప్రార్థనలో స్తోత్రం కూడా చెప్పేసింది. ఇప్పుడు పక్కింటి వీరాయమ్మగారు చేతి కొలత దారంతో పంపించింది, ఎర్రవి డజను కావాలట. "గాజులు కాదే, గాజు. కాలేజీల్లో మందులు మరిగించే బుడ్లూ గొట్టాలూను" అన్నాను. "మరి గొట్టాలకి మగాళ్లు లేరా" అంది. దానికి జవాబు నువ్వే రాయి.

నీ ఉత్తరంలో ఒక మాట నాకు బాగా నచ్చింది. గొట్టం వంకర ఉందో లేదో చూడ్డానికి ఎడం కన్ను మూసి కుడికంటితో చూస్తానని రాసేవు. ఎవరి మనవరాలివే మరి. నేను గుల్లసున్నం బట్టీలో ముప్ఫై రెండేళ్లు అదే పని చేసేను. ఉప్పలగుప్తం ఏటి నత్తగుల్ల పడవల్లో వచ్చేది. బట్టీకి మోకాలెత్తులో చిన్న కన్నం ఉంటుంది. ఎడం కన్ను మూసి, కుడికన్ను ఆ కన్నానికి ఆనించి లోపల రంగు చూసి, పండిందో లేదో చెప్పేవాణ్ణి. జ్ఞానప్రకాశం కన్ను పెట్టేడంటే ఆ సున్నం వెన్నే అనేవారు.

ఇప్పుడా కుడికన్ను పెన్షన్ పుచ్చుకుని కూర్చుంది. దానిలోంచి చూస్తే మీ మామ్మ కూడా పొగమంచులో దేవదూతలా కనిపిస్తుంది. అందుకే బాగుచేయించుకోవడం లేదు. ఈ ఉత్తరం ఎడం కన్ను చెప్తుంటే చెయ్యి రాస్తోంది, తప్పులుంటే వాళ్లిద్దరినీ అడుగు.

నిప్పులో చెయ్యి పెట్టకు. మిగతాది నీ ఇష్టం.

ఒంటెద్దు బండి మీద ఉన్న
మీ తాత


విశాఖపట్నం,
18-6-1981

తాతయ్యగారికి, మామ్మకి,

నమస్కారాలు. వీరాయమ్మగారికి గాజులు బజారులో కొని పంపిస్తాను. నేనే చేసేనని మాత్రం చెప్పకండి.

మగాళ్లున్నారు మామ్మా, ఎనిమిదిమంది. ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఓనరు శ్రీనివాసరావుగారు నన్ను ఆరు నెలలు చూస్తామన్నారు. నవంబరు మొదటి వారంలోగా చుట్టగొట్టం ఒకటి చెయ్యాలి. అంటే లావు గొట్టంలో సన్నగొట్టం పాములా చుట్టుకుని ఉంటుంది, లోపల ఆవిరి చల్లబడి నీళ్లవుతుంది. అది పగలకుండా చేస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికి.

పని నేర్పేది వీర్రాజు మేస్త్రిగారు. ముప్ఫై ఏళ్ల చెయ్యి. బల్లమీద గ్యాసుమంట ఉంటుంది, దాన్లో గాజు తిప్పుతూ ఊదాలి. గాజు కరగడం మొదలెట్టగానే పచ్చటి వెలుగు భగ్గున లేచి కళ్లు కమ్మేస్తుంది, గాజేదో మంటేదో తెలీదు. అందుకని మేస్త్రిగారు తనలాంటి కళ్లజోడే నాకూ ఇప్పించేరు. గులాబీరంగు అద్దాలు. అవి పెట్టుకుంటే ఆ పచ్చ మొత్తం మాయమైపోతుంది తాతయ్యా. మంట పక్కనే ఉంటుంది, గాజు మాత్రం నీళ్లలో ఉన్నంత చల్లగా కనిపిస్తుంది.

మీరు నవ్వించడానికి రాసేరు గానీ నాకు నవ్వు రాలేదు. అమలాపురంలో నెలకోసారి కంటి డాక్టరుగారు వచ్చి ఆపరేషన్లు చేస్తున్నారట. వెళ్లండి.

మీ సుందరి


మామిడికుదురు,
12-7-1981

గులాబీ కళ్లజోడు దొరసానికి,

నీ ఉత్తరం ముత్యాలు టీకొట్టు దగ్గర పైకి చదివేను. అది నా తప్పే. గులాబీరంగు కళ్లజోడు అనేసరికి ముత్యాలు "ఆయ్, పట్నం వెళ్లిన నెలకే కూలింగ్ గ్లాసులొచ్చేయండి" అన్నాడు. సాయంత్రానికి ఆ మాట మీ మామ్మ దాకా వచ్చేసరికి నీకు కళ్లు పోయేయి. ఒక గంట ఏడ్చింది. తర్వాత నన్ను తిట్టింది. తిట్టింది గంటన్నర.

ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికి పంటు పడవెక్కించి రేవు దాటించి అమలాపురం తీసుకెళ్లేను, ఆవిడ కళ్లు చూపించడానికని. ఆవిడ కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. నేను తలుపు దగ్గర నుంచుని నవ్వుతుంటే డాక్టరు నన్ను పట్టుకున్నాడు. కుర్రాడే. లైటు వేసి చూసి అడిగేడు:

"తాతగారూ, మీరేం పని చేసేవారండీ?"

"సున్నం కాల్చేవాణ్ణండి."

"బట్టీలోకి కుడికంటితో చూసేవారా?"

"ఆయ్. మీకెవరు చెప్పేరండీ?"

"మీ కన్నే చెప్పిందండి."

బుల్లెమ్మా, డెబ్బై ఏళ్లొచ్చినవాణ్ణి, బడిపిల్లాడిలా బల్లమీద కూర్చుని విన్నాను.

అతను చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను. ఎర్రగా కాలేది ఏదైనా రెండు పంపిస్తుందట. ఒకటి కనిపించే వెలుగు, రెండోది కనిపించని వేడి. వెలుగెక్కువైతే కన్ను మూసుకుంటుంది. వేడికి మూసుకోదు, తెలీదు కాబట్టి. కంటిలోపల చిన్న బిళ్ల ఉంటుందట, దానికి నెత్తురు అందదు, వేడెక్కితే చల్లార్చే దిక్కు లేదు. నొప్పీ ఉండదు. ఏళ్ల తరబడి అలా కాగి కాగి గుడ్డులో తెల్లసొనలా తెల్లబడిపోతుంది. ఎడం కన్ను మూసి ఉంచేను కాబట్టి అది మిగిలింది. ముప్ఫై రెండేళ్లు మూసుకున్నందుకు దానికి జీతమన్నమాట.

నీ పని గురించి చెప్పేను. డాక్టరు తల పట్టుకున్నాడు. "ఆ అమ్మాయిని పచ్చద్దాలు పెట్టుకోమనండి, ఇవాళే రాయండి" అన్నాడు. ఇవాళే రాస్తున్నాను. పచ్చద్దాలు పెట్టుకో. మరిచిపోకు.

నన్ను ఆపరేషనుకి అక్కడే ఉండిపొమ్మన్నారు. ఇంట్లో గేదె ఈనుతోందని చెప్పి వచ్చేసేను. మనకి గేదె లేదని మీ మామ్మ వీధంతా చెప్పింది.

గేదె లేని గోపాలుడు
తాత


విశాఖపట్నం,
24-7-1981

తాతయ్యా,

మీ ఉత్తరం చూసి కంగారుపడ్డాను. తర్వాత ఊపిరి పీల్చుకున్నాను. డాక్టరుగారు చెప్పిన అద్దాలు నేను పెట్టుకున్నవే. పచ్చ వెలుగుని ఆపేవి. మేస్త్రిగారు మొదటిరోజే ఇచ్చేరు కదా. మామ్మకి చెప్పండి, ఇక ఏడవక్కర్లేదని.

ఇక్కడ నా పని బాగా సాగుతోంది. మేస్త్రిగారు సన్న అతుకులన్నీ నాకే ఇస్తున్నారు. గొట్టం మీద కొలతగీతలు కూడా నన్నే చదవమంటారు. "నీది లేత కన్నమ్మా, నువ్వు చూడు" అంటారు. మిగతావాళ్లకి కాస్త కుళ్లుగానే ఉంది. ఆయన నమ్మకం సంపాదించడమంటే చిన్న విషయం కాదు.

ఒక్కటే ఇబ్బంది. మధ్యాహ్నానికి చెంపలు ఎండలో ఉప్పుమడి దగ్గర నిలబడ్డట్టు మండుతాయి. సాయంత్రం కళ్లు పొడిబారి గరగరమంటాయి. అలవాటవుతుందన్నారు.

గేదె ఈనిందా? ఈనితే ఆపరేషనుకి వెళ్లండి.

సుందరి


మామిడికుదురు,
3-8-1981

సుందరికి,

ఈసారి ఉత్తరం టీకొట్టు దగ్గర చదవలేదు. పడవరేవులో ఒక్కణ్ణే కూర్చుని నాలుగుసార్లు చదివేను.

గులాబీవి అన్నావు ముందు. పచ్చవి అంటున్నావు ఇప్పుడు. ఏ పచ్చే? పచ్చకామెర్ల పచ్చా, పచ్చగడ్డి పచ్చా? మన పూర్వీకులు రెండు రంగులకి ఒకటే మాట పెట్టి పోయేరు, మాట ఖర్చు తగ్గుతుందని కాబోలు. నీ మంటలో లేచేది పసుపు పచ్చ. దాన్ని ఆపే అద్దాలు నీ మొహాన ఉన్నాయి. డాక్టరు చెప్పింది ఆకుపచ్చ అద్దాలు. పచ్చని ఆపే అద్దాలు వేరు, పచ్చద్దాలు వేరు. ఆయన సొరుగులోంచి తీసి చూపించేడు కూడాను, వెల్డింగువాళ్లు పెట్టుకునే బిళ్ల. అరటాకు రంగు. పచ్చంటే తెలీనివాళ్లెవరని ఆ ముక్క నీకు రాయలేదు. తప్పు నాది. నాలుగో క్లాసుతో బడి మానేసినవాడి చేత మందు చీటీ రాయించినట్టయింది.

నీ గులాబీవి వెలుగుని మాయం చేస్తాయి. వేడిని కాదు. చల్లగా కనిపిస్తోందని రాసేవు చూడు, అదే నాకు భయం. మా బట్టీ కన్నం కనీసం కళ్లు చెదిరేట్టు కాలేది, అప్పుడప్పుడైనా మొహం తిప్పేవాణ్ణి. నువ్వు తిప్పవు.

ఇంకోటి. మీ మేస్త్రి నిన్ను నమ్మి గీతలు చదివించడం లేదు. అతనికి కనిపించడం లేదు. "లేత కన్ను, నువ్వు చూడు" అనే మాట నాదే. కంట్లో పొర మొదలైన నాలుగేళ్లు బట్టీలో కుర్రాళ్లందరితో అదే అన్నాను. వాళ్లూ పొంగిపోయేవారు.

నా మాట నమ్మకు. చెంపనడుగు. బట్టీకి పగులెక్కడుందో మేం కంటితో చూసేవాళ్లం కాదు, చెంప పెట్టి చూసేవాళ్లం. గాజుముద్ద ఎర్రగా కాల్చి మంటలోంచి తియ్యి. జానెడు దూరంలో చెంప పెట్టు, మధ్యలో గులాబీ అద్దం అడ్డుపెట్టు. వేడి తగులుతుందో లేదో చూడు.

మండపేట వెళ్లి రైసుమిల్లు లారీలకి వెల్డింగు చేసే చిన్నబ్బాయి దగ్గర అద్దబ్బిళ్లలు రెండు తెచ్చేను. కొబ్బరిపీచులో చుట్టి పంపిస్తున్నాను. జోడుకి కట్టుకో.

తాత


విశాఖపట్నం,
20-8-1981

తాతయ్యగారికి,

పార్సిలు అందింది. ఎనిమిదిమంది ముందు విప్పేను. పీచు బల్లంతా అయింది.

మీరు పంపిన అద్దం పెట్టుకుంటే మంట అమావాస్యనాటి చుక్కలా కనిపించింది. నా చేతులు నాకు కనపడలేదు. పదిహేను రోజులు కష్టపడ్డ చుట్టగొట్టం బల్ల అంచుకి తగిలి మూడు ముక్కలయింది. అందరూ నవ్వేరు. మేస్త్రిగారు నవ్వలేదు. "ముప్ఫై ఏళ్లుగా ఈ జోడుతోనే చేస్తున్నాను, నా కళ్లకేమైందమ్మా" అని మాత్రం అన్నారు. మీరు రాసిన మాట ఆయనకెలా చెప్పమంటారు? నాకు పని నేర్పిన మనిషిని గుడ్డివాడనమంటారా?

ఓనరుగారు పిలిచి, నవంబరు అంటే నవంబరేనన్నారు.

కోపమొచ్చి రాస్తున్నాను, ఏమనుకోకండి. ఆపరేషను దగ్గర్నుంచి లేని గేదెని అడ్డంపెట్టుకుని పారిపోయినవాళ్లు నా కళ్లకి కాపలా కాస్తామంటే ఎలా? ఇక ఏమీ పంపకండి. చెంప పరీక్షలు చేసేంత తీరిక నాకు లేదు.

సుందరి


మామిడికుదురు,
28-8-1981

సుందరికి,

నువ్వన్నది నిజం. మీ మామ్మకి చదివి వినిపించేను. రెండోసారి చదవమంది.

నీ ఉత్తరం పట్టుకుని మళ్లీ మండపేట వెళ్లేను. చిన్నబ్బాయి పొట్ట పట్టుకుని నవ్వేడు. "తాతగారూ, మీరు పట్టుకెళ్లింది కరెంటు వెల్డింగు బిళ్లండి. సూర్యుణ్ణే చూడొచ్చు దాంతో. అమ్మాయిగారిది గ్యాసుమంటైతే ఇదిగోండి, గ్యాసు వెల్డింగుది, లేతది" అన్నాడు. ఎవరికి కావాలో ముందే చెప్పి ఉంటే సరిపోయేదట. గొప్పకి పోయి, నాకే అని చెప్పేను. పగిలిన నీ గొట్టం నా ఖాతాలో వేసుకో.

లేతవి పంపిస్తున్నాను. వీటిలోంచి ఎడం కంటితో చూస్తే పేపరు చదవగలుగుతున్నాను. పీచులో చుట్టలేదు, మీ మామ్మ పాత చీరముక్కలో చుట్టేను.

ఇప్పుడు బేరం. సెప్టెంబరు ఇరవయ్యైదున డాక్టరు మళ్లీ వస్తున్నాడు. నేను వెళ్లి కన్ను కత్తి కింద పెడతాను. నాకు కత్తంటే భయం సుందరీ. ఇది ఎవరికీ చెప్పలేదు, హాస్యంతో ఇన్నాళ్లు దాచేను. కానీ పెడతాను. నువ్వు ఒక్కసారి, ఒకే ఒక్కసారి చెంప పరీక్ష చెయ్యి. గులాబీతో ఒకసారి, దీంతో ఒకసారి. తేడా లేకపోతే నీ అద్దాల గురించి జన్మలో ఎత్తను. కన్ను మాత్రం కోయించుకుంటాను, బేరం బేరమే.

జవాబు ఇరవయ్యైదులోగా రావాలి. లేకపోతే ఆ రోజు మా గేదె నిజంగానే ఈనుతుంది.

తాత


విశాఖపట్నం,
15-9-1981

తాతయ్యా,

చేసేను.

మధ్యాహ్నం భోజనాలప్పుడు ఎవరూ లేరనుకుని చేసేను. నిమ్మకాయంత గాజు కాల్చి, మంట తీసేసి, చెంప పెట్టేను. ముందు అద్దం లేకుండా. తర్వాత గులాబీది అడ్డుపెట్టి. కాస్త తగ్గినట్టుందేమో తెలీదు, వేడి మాత్రం వస్తూనే ఉంది. గాజు మళ్లీ కాల్చి మీ పచ్చది పెట్టేను. తలుపు మూసినట్టయింది.

వెనక్కి తిరిగితే వీర్రాజు మేస్త్రిగారు నిలబడి ఉన్నారు.

"ఏం చేస్తున్నావమ్మా?"

చెప్పేను. మీ గురించీ, బట్టీ కన్నం గురించీ, కుడికన్ను గురించీ. ఆ లేత కన్ను మాట మాత్రం ఎత్తలేదు.

"ఏదీ, ఇలా ఇయ్యి" అన్నారు. తనే గాజు కాల్చేరు. తన గులాబీ జోడు తీసి చెంపకి అడ్డుపెట్టేరు. ఆ తర్వాత పచ్చది. మళ్లీ గులాబీది. మళ్లీ పచ్చది. గాజు ఎరుపు పోయి చల్లారిపోయింది, ఆయన ఇంకా అద్దాలు మారుస్తూనే ఉన్నారు.

"వెలుగు పోయింది కదా, వేడి కూడా పోయిందనుకున్నానమ్మా" అన్నారు. జోడు బల్లమీద పెట్టి, "గీతలు చదవడం మానేసి రెండేళ్లయింది. గోటితో తడుముతున్నాను" అన్నారు. ఎవరికీ చెప్పొద్దనలేదు. అందుకే మీకు చెప్తున్నాను.

ఇప్పుడు గులాబీ జోడు మీద మీ పచ్చవి దారంతో కట్టి పెట్టుకుంటున్నాను. ఒకటి పచ్చకామెర్ల పచ్చకి, ఇంకోటి వేడికి. అంతా కాస్త మసకగా ఉంటుంది, పని నెమ్మదిగా సాగుతోంది. మొన్న ఇంకో చుట్ట పగిలింది. నవ్వుతున్నారు, నవ్వనీండి. శ్రీనివాసరావుగారి గదిలోకి వెళ్లి చెప్పేను: "చుట్టగొట్టం ఈ అద్దాలతోనే చేస్తానండి. నవంబరుకి కాకపోతే డిసెంబరుకి చేస్తాను. అద్దాలు తీసి మాత్రం చెయ్యనండి." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన చూద్దామన్నారు.

నా వంతు అయింది. ఇక మీరు వెళ్లండి. భయమేస్తే మామ్మ చెయ్యి పట్టుకోండి, ఎవరికీ చెప్పను.

సుందరి


మామిడికుదురు,
20-11-1981

బుల్లెమ్మకి,

రెండు నెలలు ఉత్తరం రాయనిచ్చేరు కాదు. తల వంచకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదన్నారు. మొదటి రెండూ ఫర్వాలేదు.

మీ మామ్మ చెయ్యి పట్టుకోలేదు. ఆవిడే నా చెయ్యి పట్టుకుంది, గేదె కోసం లేచిపోతానని.

నిన్న కళ్లజోడిచ్చేరు. సోడాబుడ్డి అడుగులంత అద్దాలు. పెట్టుకోగానే ముందు మీ మామ్మని చూసేను. పొగమంచు పోయింది. దేవదూత కూడా పోయింది, దీనమ్మ ఉంది. ఎప్పుడు ఇంత ముసలిదయిందో నాకెవరూ చెప్పలేదు. "ఏంటలా చూస్తారు" అంది. "ఏం లేదు, లెక్క సరిచూసుకుంటున్నాను" అన్నాను.

తర్వాత నీ ఉత్తరాలు తీసేను. ఎడం కన్నూ ముసలిదే కదా, దాని మాట విని నల్లసిరాతో రాస్తావనుకునేవాణ్ణి. నీలం.

నీ కార్డూ అందింది. చుట్టగొట్టం వారం ఆలస్యమైనా పగలకుండా వచ్చిందని, ఓనరు ఇంకా ఖాయం చెయ్యకుండా మరో మూడు నెలలు చూస్తానన్నాడని రాసేవు. చూడనీ. చూసేవాడి కళ్లు అరిగిపోవాలి గానీ నీవి కాదు. మూడు నెలలు కాకపోతే ఆరు. అద్దాలు తియ్యకు. ఎడం కన్ను మూసి చూసే అలవాటుంది చూడు, మన ఇంటి కన్నని మురిసిపోయేను, అది కూడా మానెయ్యి. రెండూ తెరిచి చూడు, అద్దాల వెనకనుంచి.

మీ మేస్త్రి కూడా ఆపరేషనుకి వచ్చే నెల ఇక్కడికి వస్తానన్నాడని రాసేవు, మంచిపని. మన ఇంట్లోనే దిగమను. కత్తి గురించి నేను చెప్తాను, ఏమీ తెలీదు, చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అది అబద్ధం, కాస్త తెలుస్తుంది. కానీ అతనికి నేను చెప్పేదే చెప్పు. చిన్నబ్బాయి దగ్గర లేతబిళ్లలు ఇంకో ఎనిమిది జతలు చెప్పి ఉంచేను. నవ్వినవాళ్లకి కూడాను.

ఇవాళ పొద్దున్న ముత్యాలు టీకొట్టు బయట బల్లమీద కూర్చున్నాను. ఎదర చేలన్నీ కోతకొచ్చి ఉన్నాయి. వాటి చుట్టూ కొబ్బరితోటలు. కొత్త జోడు చూసి ముత్యాలు గ్లాసు చేతికిస్తూ అడిగేడు.

"ఏం కనపడతందండీ తాతగారూ?"

"పచ్చ" అన్నాను.

"ఏ పచ్చండీ?"

"రెండూ."

మీ తాత
జ్ఞానప్రకాశం
(కుడికంటితో రాసినది)